పటంలో లేని పెరడు

రంగుల గది

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు అప్పజెప్పిన మొదటి పని రంగులు కలపడం. ఇళ్ళున్న చోట పసుపు, కొట్లున్న చోట నీలం, ఫ్యాక్టరీలకు ఊదా, పార్కులకు ఆకుపచ్చ. గుంటూరుకు బస్సులో గంటలోపు దూరంలో ఉన్న చిన్న మునిసిపాలిటీ మాది. ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు ఇప్పటికీ నన్ను పెళ్ళిళ్ళకు పిలుస్తారు, ఆ పిలుపులు పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. గుంటూరు బ్రాడీపేటలో ఇంటి దగ్గర బయల్దేరి, కిటికీ పక్క సీటు దొరికితే పత్తి చేలు చూస్తూ సగం నిద్రలో వెళ్ళేదాన్ని. బస్సు దిగేసరికి ముక్కులో మిరప ఘాటు. ఆ ఊళ్ళో మనుషులు ముందు తుమ్మి తర్వాత పలకరించుకునేవాళ్ళు.

ట్రేసర్‌గా చేరాను. పెద్ద పటం మీద పల్చటి కాగితం పరిచి కింది గీతల్ని దాని మీదికి దింపుకోవడం ట్రేసర్ పని. ఆ తర్వాతి మెట్లు ఎలా ఎక్కానో రాసి మిమ్మల్ని విసిగించను. రంగుల గది గురించి మాత్రం చెప్పాలి. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి తడి రంగుల మీద పడితే ఊరంతా నీళ్ళలో తేలుతున్నట్టుండేది. కుంచె ఒకసారి అటూ ఇటూ కదిలిస్తే ఒక వీధి పసుపయ్యేది. అసలు ఊరు ఈ బల్ల మీదే ఉంది, బయట ఉన్నది దానికి నకలు అనిపించేది. నలభై ఏళ్ళు దాటినా, ఇద్దరు పిల్లల తల్లినైనా, ఆ గదిలో కూర్చుంటే నాకు లోకం తెలిసేది కాదు.

కొత్తగా ఈ టౌన్ ప్లానింగ్ శాఖలోకి వచ్చేవాళ్ళకు మొదట చెప్పాల్సింది ఆ మత్తు గురించే. చాలా తియ్యగా ఉంటుంది. మనుషుల్ని కనబడనివ్వదు.

మా పై అధికారి పద్మనాభంగారు ఆ మత్తు ఎప్పుడో దిగిపోయిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో పోయినట్టు వెతుక్కునే చూపుతో ఉండేవారు. ఎవరేం అడిగినా, "పట్టికలో ఏముందమ్మా రజియా?" అనేవారు. పటంలోని ఒక్కో రంగులో ఏమేం కట్టవచ్చో, ఏమేం చేయవచ్చో వరసగా రాసిన జాబితాను మేం పట్టిక అనేవాళ్ళం. ఆయన నన్ను తిట్టిన రోజులున్నాయి, నేను ఆయన ముందు ఫైలు విసిరేసిన రోజు ఒకటుంది. నా కోపం ముక్కు మీదే ఉండేది. ఆయన ఆ ఫైలు వంగి తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ నా చేతికే ఇచ్చారు. అంతే, దాని గురించి ఇంకెప్పుడూ మాట్లాడలేదు.

గొడుగు కింద చూసిన నేల

తొంభైల చివర్లో మా ఊరికి కొత్త మాస్టర్ ప్లాన్ తయారుచేయమన్నారు. దానికి ముందు ఊళ్ళో ప్రతి జాగా దేనికి వాడుతున్నారో తిరిగి చూసి రాసుకోవాలి. ఆ సర్వే మే నెలలో చేసేవాళ్ళం. వానలొస్తే కాగితాలు తడుస్తాయి, బురదలో కొలత గొలుసు లాగలేం. ఎండాకాలమే మంచిదని మా ముందువాళ్ళు అనుకున్నారు, మేమూ అనుకున్నాం. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఊరికి పడమర చివర ఒక కాలనీ ఉంది. ఒక్కో గది ఇళ్ళు, చిన్న చర్చి, దాని వెనక మునిసిపాలిటీ జాగా ఎకరం పైచిలుకు. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళతారు. నేనూ, గొలుసు పట్టే కోటయ్యా అక్కడికి చేరేసరికి నడినెత్తిన సూర్యుడు. ఇళ్ళకన్నిటికీ తాళాలు. మిరప పంట మార్కెట్ యార్డుకు వచ్చే కాలం కదా, చీకట్లోనే అందరూ పనికి పోయారు. వెనక జాగాలో పగుళ్ళిచ్చిన నేల, అక్కడక్కడా నడుం ఎత్తు కుప్పలు. దగ్గరికి వెళితే కుళ్ళిన తొడిమల వాసన. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"ఎవరన్నా వచ్చేదాకా ఉందామా మేడం?" అన్నాడు కోటయ్య.

"ఎండ చూశావా? ఇంకా నాలుగు వీధులున్నాయి," అన్నాను.

గొడుగు కోటయ్యకిచ్చి, పుస్తకం మోకాలి మీద పెట్టుకుని రాశాను: 'ఖాళీ స్థలం. చెత్త కుప్పలు ఉన్నవి.' చేతిరాత నాకు మొదటి నుంచీ బాగుంటుంది. ఆ రెండు ముక్కలు కూడా ముత్యాల్లాగే వచ్చాయి.

పొట్ల పందిరి

రెండేళ్ళు గడిచాయి. ఖాళీగా ఉందని రాసిన ఆ జాగాకు చిత్తు పటంలో లారీల స్టాండు రంగు పడింది. అందులో దురుద్దేశం ఏమీ లేదు. మిరప లారీలు రోడ్డంతా నిలబడి ఊరి ప్రాణం తీస్తున్నాయి, వాటికి ఎక్కడో ఒకచోట జాగా కావాలి. అభ్యంతరాలుంటే చెప్పమని ఆఫీసు బోర్డు మీద నోటీసు అంటించారు. గడువు దాటింది, ఎవరూ రాలేదు. పటానికి ఆమోదం వచ్చింది, గెజిట్‌లో అచ్చయింది.

ఆగస్టులో హద్దుల మేకులు పాతడానికి మళ్ళీ నేనూ కోటయ్యే వెళ్ళాం. ముసురు పట్టిన పొద్దు. చర్చి మలుపు తిరిగామో లేదో, ఇద్దరం ఆగిపోయాం. ఆ కాలనీ కాదేమో, దారి తప్పామేమో అనుకున్నాను.

ఎకరం నేలంతా పచ్చగా ఉంది. పత్తి కట్టెతో కట్టిన పందిళ్ళ మీద పొట్లపాదు, గాలికి పొట్లకాయలు మెల్లగా ఊగుతున్నాయి. కింద గోంగూర, బెండ, వంగ, గోరుచిక్కుడు. మడికీ మడికీ మధ్య ఒక్క మనిషి నడిచేంత గట్టు. తుంపర ఆకుల మీద పడుతున్న చప్పుడు తప్ప ఇంకేం వినబడటం లేదు. ఆ పచ్చదనంలో చీరల రంగులు అక్కడొకటి ఇక్కడొకటి కదులుతున్నాయి. అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. నేను చేతులారా కలిపిన ఏ ఆకుపచ్చా అలా లేదు.

"ఎవరమ్మా మీరు? గోంగూర కావాలా?" అంటూ ఒక పెద్దావిడ గట్టు మీదికొచ్చింది. అరవై ఏళ్ళుంటాయి, మోకాళ్ళు పట్టుకుని నడుస్తోంది. ఆమే మార్తమ్మ.

"కాదమ్మా, మునిసిపాలిటీ నుంచి వచ్చాం."

"హమ్మయ్య, పంపు గురించే గదా? ఎన్నాళ్ళ నుంచి అడుగుతున్నాం! ఒసేయ్ మస్తాన్‌బీ, మేడంగారొచ్చారు, టీ పెట్టవే."

కోటయ్య మేకుల సంచీ వెనక్కి దాచుకున్నాడు.

ఎన్నేళ్ళుగా వేస్తున్నారమ్మా అని అడిగాను. "మా చిన్నోడు బడికి పోకముందు నుంచి. ఇప్పుడు వాడికి మీసాలొచ్చినయ్," అంది. మొదట్లో అది చవుడు నేలట, పలుగు దిగేది కాదట. యార్డులో పారబోసే తొడిమల్ని ఆడవాళ్ళే గోతాల్లో నెత్తిన పెట్టుకుని తెచ్చి కుప్పలు పోశారట. "రెండు వానలు పడేదాకా ముట్టుకోకూడదు. ఘాటు చచ్చాక పేడా బూడిదా కలిపి తొక్కుతాం. ఎండాకాలం మేం యార్డులో ఉంటాం గదండీ, అప్పుడు నేలకీ సెలవే," అంది మార్తమ్మ.

పక్క మడిలోంచి మస్తాన్‌బీ టీ గ్లాసుతో వచ్చింది. నా వయసే ఉంటుంది. "మా మార్తమ్మత్త మట్టికి కూడా ప్రార్థన చేసిద్ది మేడం. నా వంకాయలు పుచ్చిపోతే నేను ఆదివారం గుడికి రాకపోబట్టే అంటది. నేను తురకదాన్నే తల్లీ అంటే, వంకాయకేం తెలుసు అంటది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంతకీ మీరెందుకొచ్చారని అడిగితే నీళ్ళు నమిలి, "ఊరికే, చూడ్డానికి" అన్నాను. ఆ టీ తాగేసి లేచాను.

బల్ల మీద మిగిలింది

తిన్నగా పద్మనాభంగారి గదిలోకి వెళ్ళాను. "నా రిపోర్టు తప్పండీ. అది ఖాళీ కాదు, తోట. నేనే సరిగ్గా చూడలేదు. రాసిస్తాను," అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "గెజిట్‌లో వచ్చాక రాసిస్తావా? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమమ్మా? పటం మారదు. నీ మీద మాత్రం విచారణ పడుతుంది."

"పడనివ్వండి."

"పిల్లలున్నారు నీకు."

"ఆ తోటవాళ్ళకీ పిల్లలున్నారండీ," అని అరిచాను.

రాసిచ్చాను. మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చుకున్నాను. ఒక ఇంక్రిమెంటు ఆగింది. పటం ఆయన చెప్పినట్టే మారలేదు. కానీ నా కాగితం వల్ల ఒక మేలు జరిగింది. నిలబడి ఉన్న పంట తీసుకునేదాకా యంత్రాలు దిగకూడదని కమిషనర్ ఆర్డరు వేశారు. నాలుగైదు నెలలు చేతికొచ్చాయి.

వారం తర్వాత పద్మనాభంగారు నన్ను పిలిచి, బల్ల మీది కాగితాల కట్ట నా వైపు తోశారు. "పటం మన చెయ్యి దాటిపోయింది. పట్టిక ఇంకా నా దగ్గరే ఉంది. కొత్త ప్లాన్ నిబంధనల చిత్తుప్రతి, ఇంకా ఆమోదం కాలేదు. ఆకుపచ్చ రంగు కింద ఏమున్నాయో చదువు."

చదివాను. పార్కులు, ఆటస్థలాలు, శ్మశానాలు, నర్సరీలు. మనుషులు కలిసి కూరగాయలు పండించుకునే చోటు ఎక్కడా లేదు. పార్కులో పంట వేయకూడదు. పంట వేస్తే వ్యవసాయం, వ్యవసాయం ఊరి హద్దు లోపల కుదరదు. మరి మార్తమ్మ చేసేదేమిటి? చట్టం దృష్టిలో ఆమె ఏమీ చేయడం లేదు. నేను ఖాళీ అని రాయకపోయి ఉన్నా, ఆ తోటను ఏ మాట కింద కాపాడేవాళ్ళం? అప్పుడర్థమైంది నాకు, నా తప్పు వెనక ఇంకో పెద్ద తప్పు ఉందని. దాంతో నా తప్పు చిన్నదైపోలేదు.

రైలు గేటు అవతల ఆకుపచ్చ రంగు వేసిన మునిసిపాలిటీ జాగా ఒకటి ఏళ్ళ తరబడి తుమ్మచెట్లతో పడి ఉంది. పట్టికలో ఒక్క పంక్తి చేరితే ఆ ఆడవాళ్ళు చట్టబద్ధంగా అక్కడ తోట వేసుకోవచ్చు. పద్మనాభంగారు ఆ మాట పైకి అనలేదు. నా వైపు చూసి, "పేరేం పెడతావు?" అన్నారు.

ముందుమాట, పట్టిక

ఆ రోజుల్లో సుస్థిరాభివృద్ధి అనే మాట కొత్తగా వచ్చింది. ఎవరు ప్లాన్ రాసినా ముందుమాటలో ఆ మాట పడాల్సిందే. మా ప్లాన్ ముందుమాటలో నేనే నాలుగు చోట్ల రాశాను, చదువుతుంటే నాకే ముచ్చటేసింది. అదే ప్లాన్‌లో లారీల స్టాండు కింద నలభై ఇళ్ళవాళ్ళ తోట ఉంది. ఈ శాఖలోకి కొత్తగా వచ్చే పిల్లలూ, ఈ ఒక్క సంగతి మర్చిపోకండి: హద్దు మేకు పట్టుకుని మనిషి వచ్చినప్పుడు ముందుమాట ఎవరూ తెరిచి చూడరు. పట్టిక తెరుస్తారు. మంచి మాటను అక్కడికి మోసుకెళ్ళే ఓపిక లేకపోతే ఎక్కడా రాయకండి.

పేరు కోసం మళ్ళీ తోటకే వెళ్ళాను. లారీల స్టాండు సంగతి అప్పుడే చెప్పాను వాళ్ళకు. సర్కారు పటంలో పడింది, ఆపలేమన్నాను. పటానికి ఖాళీ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెప్పలేదు. నోటి దాకా వచ్చింది, బయటికి రాలేదు. మార్తమ్మ గట్టు మీద కూలబడింది. మస్తాన్‌బీ తిట్టింది. మునిసిపాలిటీని, లారీల్ని, చివరికి పొట్లకాయల్ని కూడా తిట్టింది. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు! వీళ్ళు పార్కు కట్టరు, మేం కూరేసుకుంటే ఓర్వరు!" అంది.

"దీన్ని మీరేమని పిలుస్తారు?" అని అడిగాను.

"పిలిచేదేముంది మేడంగారూ, పెరడు. మా ఇళ్ళ వెనక జాగా ఎక్కడ? అందరికీ కలిపి ఇదే పెరడు," అంది మార్తమ్మ.

అలా 'ఉమ్మడి పెరడు' అని రాశాం. తాళం వేసిన కంచె ఉండకూడదు, గట్టి కట్టడం లేపకూడదు, మడిని అమ్మకూడదు, నడిచి వచ్చేంత దూరంలో ఉన్నవాళ్ళకే మడి ఇవ్వాలి. ఈ షరతులన్నీ వాళ్ళలో వాళ్ళు అప్పటికే పాటిస్తున్నవి, నేను రాసుకున్నానంతే. దాని కిందనే ఇంకో పంక్తి చేర్చాను: ఏ జాగానైనా ఖాళీ అని రాసే ముందు ఎండాకాలంలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చూడాలి, చుట్టుపక్కలవాళ్ళలో ఒకరినైనా అడగాలి. పద్మనాభంగారు అది చదివి నా ముఖం చూశారు. సంతకం పెట్టారు. ఆయన చేసిన వంద సంతకాల్లో నాకు అదే గుర్తు.

నిబంధనల మీద బహిరంగ విచారణకు హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు ఒకాయన వచ్చారు. మంచివాడే, బాగా చదువుకున్నవాడు. "సుస్థిరాభివృద్ధి అని ముందుమాటలో ఉంది కదా, మళ్ళీ ఇదెందుకు?" అన్నారు.

వెనక బెంచీ మీద కూర్చున్న మార్తమ్మ లేచింది. "అయ్యా, ఆ మాట నాకు నోరు తిరగదు. మీరు రాసినదాంట్లో పెరడు అని ఉందా లేదా, అది చెప్పండి."

గదిలో ఎవరో నవ్వారు. ఆఫీసరుగారు నవ్వలేదు. పట్టిక ముందుకు లాక్కుని, పంక్తి చదువుకుని, "కమిషనర్ అనుమతితో" అని పెన్సిలుతో చేర్చి పంపించారు. ఆ మాట చేర్చడం నాకు నచ్చలేదు. అనుమతి ఇవ్వని కమిషనర్ వస్తే ఎలా అని ఇప్పటికీ నచ్చదు. అయినా ఆ రోజు బస్సులో ఇంటికి వెళుతుంటే పత్తి చేలన్నీ తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. వాటి మధ్య బస్సు కాకుండా నేనే తేలుతూ వెళుతున్నట్టుంది. ఒక్క పంక్తి. పదిహేనేళ్ళ రంగుల పనిలో నేను నిజంగా చేసిన పని అదొక్కటేనేమో అనుకున్నాను.

మట్టి బరువు

నిబంధనలకు ఆమోదం వచ్చింది, కమిషనర్ అనుమతితో రైలు గేటు అవతలి జాగాలో మడులు పంచారు. సంక్రాంతి వెళ్ళాక, యంత్రాలు దిగడానికి నాలుగు రోజుల ముందు వాళ్ళు తోట ఖాళీ చేస్తున్నారని కోటయ్య చెబితే వెళ్ళాను. పందిళ్ళ కట్టె తీసుకుపోతుంటారనుకున్నాను. వెళ్ళి చూస్తే మట్టి తవ్వుతున్నారు. జానెడు లోతు నల్లమట్టిని పారలతో గీకి మిరప గోతాల్లోకి ఎత్తుతున్నారు. గట్టు పక్కన ట్రాలీ ఆటో ఒకటి, గోతాల్ని రైలు గేటు అవతలి కొత్త జాగాకు చేరవేస్తోంది.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"నేల మీది. మట్టి మాది," అంది మార్తమ్మ, తల ఎత్తకుండా. "ఇది మేం చేసుకున్న మట్టి. లారీ చక్రాల కింద పెట్టి పోతామా?"

మట్టి తీసుకెళ్ళకూడదని మా చట్టంలో ఎక్కడా లేదు. పొగమంచు ఇంకా విడలేదు. ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు గోతాలు నెత్తిన పెట్టుకుని ఆ తెల్లదనంలోకి నడిచి కనబడకుండా పోతున్నారు, మళ్ళీ ఖాళీ చేతులతో బయటికొస్తున్నారు. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ తరచూ కలలోకి వస్తుంది. కలలో కూడా ఎవరూ మాట్లాడరు.

మార్తమ్మ మాత్రం తన మడి దగ్గరే ఉంది. రైలు గేటు దాటి, కట్ట ఎక్కి దిగి అంత దూరం నడవడం ఆమె మోకాళ్ళ వల్ల కాదు. కొత్త జాగాలో ఆమె మడి తీసుకోలేదని మస్తాన్‌బీ చెప్పింది. తన మడిలో మట్టిని ఆమె మస్తాన్‌బీకి ఎత్తి ఇస్తోంది. నేను రాయించిన పంక్తి నలభై ఇళ్ళకు పనికొచ్చింది. ఆ తోట మొదలుపెట్టిన మనిషికి పనికిరాలేదు.

ఇంక ఆగలేకపోయాను. "మార్తమ్మా, ఒక మాట చెప్పాలి. ముందెప్పుడో చెప్పాల్సింది. ఎండాకాలంలో వచ్చి, ఇది ఖాళీ స్థలమని రాసింది నేనే. పటంలో లారీలు పడింది అందువల్లే."

పార ఆగింది.

"ఖాళీ అనా?"

"అవును. చెత్త కుప్పలున్నాయని కూడా రాశాను."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఒక్క మనిషినన్నా అడిగావా?"

"లేదు. ఎవరూ లేరు. అందరూ యార్డుకు వెళ్ళారు."

"పొద్దుగూకితే వస్తాం గదా. ఇళ్ళు వదిలి యాడికి పోతాం?"

అంతవరకూ మీరు అని పిలిచిన మనిషి. ఇప్పుడు నువ్వు అంటుంటే అదే సరైన పిలుపు అనిపించింది.

"ఇన్నాళ్ళూ మా టీ తాగావు గదమ్మా," అంది. గొంతు పెద్దది కాలేదు, అదే భరించలేకపోయాను. "చర్చిలో నీ పేరు చెప్పి ప్రార్థన చేయించా. మునిసిపాలిటీలో మా మనిషి ఒకతె ఉందని అందరికీ చెప్పుకున్నా."

ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే ఆమే నన్ను ఓదార్చాల్సి వస్తుంది, అది ఇంకా అన్యాయమని పళ్ళు బిగపట్టుకున్నాను. క్షమించమని అడగాలనుకుని అది కూడా అడగలేదు. ఆ బరువు కూడా ఆమె మీద ఎందుకు వేయాలి?

మార్తమ్మ తన మడి వైపు తిరిగింది. మట్టి గీకేసిన చోట కింది చవుడు నేల తెల్లగా కనబడుతోంది. తర్వాత వంగి, నిండిన గోతం మూతి పురికొసతో బిగించింది.

"గోతం ఆ కొస పట్టు," అంది.

చెప్పులు విడిచి, కొంగు దోపుకుని, పట్టుకున్నాను. గోతం కదల్లేదు.

"ఊరికే చేతులతో రాదు. నడుం వంచు."

వంచాను. గోతం లేచింది.